కొత్త శాకాహారుల కొద్దిపాటి వంట

శాకాహార చరిత్ర వ్రాసినవారు సాధారణముగా పైథాగొరసుతో నారంభించి, ప్లూటార్కును పలుకరించి, షెల్లీ కవిని స్మరించి, టాల్‌స్టాయితో ముగింతురు. ఆ గ్రంథములలో కరుణ యున్నది, తర్కమున్నది, వైద్యుల వివాదమున్నది. పొయ్యి మాత్రము లేదు. నిన్నటి రాత్రి వరకు మాంసము తిని, నేటి యుదయమున దానిని విడిచెదనని సంకల్పించుకొనిన మనుష్యుడు ఆ మధ్యాహ్నమున నేమి తినెను, దానిని ఎవరు వండిరి, వండుటకెంత సేపు పట్టెను, ఎంత వ్యయమయ్యెను అను ప్రశ్నలను వారు అల్పవిషయములుగా నెంచి విడిచిపెట్టిరి. నాకు మాత్రము పాశ్చాత్యదేశములలో నీ యుద్యమము బ్రతికినచోట నెల్ల ఆ మధ్యాహ్న భోజనము మూలముననే బ్రతికినదనియు, నశించినచోట నెల్ల అది లేకయే నశించినదనియు తోచును. వాదమునందోడి వ్రతమును విడిచినవారు చరిత్రలో నరుదు. ఆకలిగొన్న సాయంకాలమున చేతికందునది వేరేమియు లేక విడిచినవారు మెండు.

తెలుగుదేశమున శాకాహారమే యింటి యాచారముగా పెరిగినవానికి ఈ చిక్కు బోధపడుట కష్టము. పప్పుడికించి పోపు పెట్టి, వంకాయయో బెండకాయయో కూర చేసి, ఒక ప్రక్క గోంగూర పచ్చడియు నొక ప్రక్క చారును నుంచుకొని, తుదకు మజ్జిగతో ముగించునట్టి భోజనమున ఏదియో లోపించినదను తలంపే పుట్టదు; మాంసము తినెడి యిండ్లలో సైతము వారమున పెక్కు దినములు విస్తరి యిట్లే యుండును. ఆంగ్లేయుని పళ్లెము సంగతి వేరు. అందు మధ్యనుండు మాంసఖండము రాజు. చుట్టునున్న యుడికించిన బంగాళాదుంపలు, కాబేజీ, బఠాణీలు పరివారము మాత్రమే. రాజును తొలగించిన దినమున పరివారమునకు స్వతంత్రముగా నిలుచు శక్తి లేదు. ఏలయన వానికి ఉప్పునీటిలో నుడుకుట తప్ప వేరు విద్య యెవరును నేర్పలేదు. కావున ఆ దేశములలో శాకాహారమును కొత్తగా నవలంబించినవాడు ఒక పదార్థమును విడిచిపెట్టుటతో సరిపుచ్చుకొనజాలక, ఒక వంటనే మొదటినుండి కల్పించుకొనవలసిన వాడయ్యెను.

అట్లు కల్పించుకొనినవారిలో తన భోజనమును వివరముగా చెప్పి విడిచినవాడు బెంజమిను ఫ్రాంక్లిను. 1722 ప్రాంతమున, పదునారేండ్ల వయస్సున, బోస్టను నగరమందు తన యన్న జేమ్సు నడుపు అచ్చుకూటమున నతడు పని నేర్చుకొనుచుండగా, థామసు ట్రయను అను ఆంగ్లేయుడు వ్రాసిన పుస్తకమొకటి చేతబడెను. ఈ ట్రయను పదునేడవ శతాబ్దమున లండనునందు టోపీల వర్తకము చేసి, మితాహారమును, ప్రాణిదయను బోధించుచు అనేక గ్రంథములు ప్రకటించినవాడు. బాలుడు ఆ పుస్తకమును చదివి మాంసమును మానెను. అన్న యింకను వివాహము కానివాడగుటచే తానును, తన పనివారును వేరొక కుటుంబమున భోజనము చేయునట్లు ఏర్పాటు చేసికొనియుండెను. ఆ యింట నీ యొక్కనికై వేరు వంట యెవరు చేయుదురు? విసుగుకొనిరి, మందలించిరి. అప్పుడు ఫ్రాంక్లిను ట్రయను చెప్పిన వంటకములలో సులభమైన కొన్నింటిని, అనగా బంగాళాదుంపలు నుడికించుట, అన్నము వండుట, పిండిని మరుగునీట కలియబెట్టి మన సంకటి వంటి పదార్థము చేయుట మొదలగు వానిని నేర్చుకొని, నా భోజనమునకు వారమునకిచ్చు సొమ్ములో సగము నా చేతికిండు, నా తిప్పలు నేను పడెదనని యన్నతో బేరము పెట్టెను. అన్న సంతోషముగా నొప్పుకొనెను. ఆ సగములో మరల సగము మిగిలినదట. మిగిలినదంతయు పుస్తకములకు పోయెను.

ఇంతకంటె ముఖ్యమైన లాభము వేరొకటి గలదు. అన్నయు, తక్కిన పనివారును భోజనమునకై బయటికి పోయినప్పుడు ఫ్రాంక్లిను ఒక్కడే అచ్చుకూటమున నిలిచి, ఒక బిస్కత్తో రొట్టెముక్కయో, గుప్పెడు ఎండుద్రాక్షయో, మిఠాయి యంగడినుండి తెచ్చుకొనిన పండ్ల రొట్టెయో తిని గ్లాసెడు నీరు త్రాగి, వారు తిరిగి వచ్చునంతవరకు చదువుకొనుచుండెడివాడు. బడిలో రెండుమారులు తప్పిన గణితమును ఆ కాలముననే తనంతట తాను నేర్చుకొనెను. ప్రాణిదయకై యారంభమైన వ్రతము కాలమును, ధనమును మిగుల్చు నుపాయముగా మారుట యిందు గమనింపదగినది. ఈ మార్పును కొందరు పతనమందురు. నేను దీనినే యా వ్రతము కొంతకాలమైనను నిలుచుటకు కారణమందును.

అది శాశ్వతముగా నిలువలేదు. బోస్టను విడిచి తొలిసారి నౌకయెక్కిన ప్రయాణమున, బ్లాక్ ద్వీపము చెంత గాలి పడిపోయి నౌక నిలిచిపోగా, తోడివారు కాడ్ అను చేపలను పట్టి వేయింపజొచ్చిరి. పెనమునుండి లేచిన వాసన యతని పూర్వప్రీతిని మేల్కొలిపెను. సిద్ధాంతమునకును నాలుకకును కొంతసేపు పోరు జరిగినది. తుదకు చేపల కడుపులు కోయునప్పుడు వానిలో చిన్న చేపలుండుట చూచిన సంగతి జ్ఞప్తికి వచ్చి, మీరొకరినొకరు తినగా నేను మిమ్ము తినుటకేమి యని సమాధానము చెప్పుకొని కడుపార భుజించెను. బుద్ధిమంతుడగు ప్రాణికి తాను చేయదలచిన దానికెల్ల కారణము దొరకునని యతడే పిమ్మట తన్ను తాను పరిహసించుకొనినాడు. ఆ క్షణమున నౌకలో ఎండుద్రాక్షపండ్లు గుప్పెడు దొరకియున్న చరిత్ర వేరుగా నుండెడిదేమో!

ఫిలడెల్ఫియా చేరిన పిమ్మట నతడు కీమరు అను ముద్రాపకుని యొద్ద పని చేసెను. కీమరు గడ్డము పెంచి, శనివారమును పవిత్రదినముగా పాటించుచు, నూతనమత మొకటి స్థాపింపగోరెడివాడు. పైగా మంచి తిండిపోతు. మాంసము మానెదవేని నీ మతమునకు నేనును సహాయపడెదనని ఫ్రాంక్లిను షరతు పెట్టెను. ఆ స్థూలకాయుని యర్ధాకలి చూచి వినోదింపవలెననియే తన యుద్దేశమని దాపరికము లేక చెప్పినాడు. పొరుగింటి స్త్రీ యొకతె వండి తెచ్చి యిచ్చునట్లు ఏర్పాటయ్యెను. చేపయు, మాంసమును, కోడియు తగులని నలువది వంటకముల పట్టికను ఫ్రాంక్లిను ఆమె చేతికిచ్చెను. ఒక్కొక్కరికి వారమునకు పదునెనిమిది పెన్నీలు మించలేదు. ఇట్లు మూడు నెలలు గడచినవి. ఫ్రాంక్లిను సుఖముగా నుండెను. కీమరు కృశించి, విసిగి, తుదకొకదినము పందిపిల్లను కాల్పించి, ఫ్రాంక్లినును, ఇద్దరు స్త్రీలను విందుకు పిలిచెను. వంటకము కొంచెము ముందుగా బల్లపైకి వచ్చెను. పిలిచినవారు వచ్చునంతవరకు ఆగజాలక దానినంతయు తానే తినివేసెను. నలువది వంటకముల వైవిధ్యము కీమరును కాపాడలేదు. వైవిధ్యమే కొత్తవానిని నిలుపునని నమ్మి వంటపుస్తకములు వ్రాయువారు ఈ కథను తమ పీఠికలలో చేర్చుకొనిన బాగుండును.

ఇటువంటి ఏకాకి ప్రయత్నములు సామూహికములగుటకు ఇంగ్లండున నొక శతాబ్దము దాదాపుగా పట్టెను. మాంచెస్టరును ఆనుకొనియున్న సాల్‌ఫర్డు పట్టణమున విలియము కౌహర్డు అను మతబోధకుడు 1809లో తన బైబిలు క్రైస్తవ సంఘముచే మాంసవర్జనమును చేయించెను. నూలుమిల్లుల పొగతో నిండిన ఆ పట్టణమున నతని శ్రోతలు కూలివారు, చిన్న పనివారు. వారికి మాంసము మానుటలో త్యాగమంతగా లేదు. కొనగలిగిన మాంసమే స్వల్పము. కౌహర్డు ఉపదేశముతో నూరకుండక, పెద్దపాత్రలలో కూరగాయల పులుసు కాచి పేదలకు పంచిపెట్టెను. ఆకలికి వేడి పులుసు, ఆత్మకు బోధ అను ఈ క్రమము మిక్కిలి తెలివైనది.

ఆ సంఘమునకే చెందిన మార్తా బ్రదర్‌టను అను గృహిణి 1812లో తన పేరు చెప్పక ప్రకటించిన శాకపాకగ్రంథమును ఆంగ్లభాషలో నీ తరగతికి చెందిన మొదటి పుస్తకముగా లెక్కింతురు. ఆమె భర్త జోసెఫు పిమ్మట సాల్‌ఫర్డుకు తొలి పార్లమెంటు సభ్యుడై పేరుగాంచెను. మతము నిలుచుటకు వంటపుస్తకము కావలెనని ఒక స్త్రీకి తోచుట సహజమే. పురుషులు కరపత్రములు వ్రాయుచుండిరి. అయినను ఆ పుస్తకమున వెన్నయు, గ్రుడ్లును ధారాళము. పేదకూలివాని పొయ్యికంటె వంటమనిషిగల యింటికే యది తగినది. మాంసము లేని లోటును కొవ్వుతో పూడ్చు పద్ధతి యిక్కడనే మొదలైనదని చెప్పవచ్చును. 1817లో నీ సంఘపు శాఖ యొకటి విలియము మెట్‌కాఫు నాయకత్వమున ఫిలడెల్ఫియాకు వలసపోయినప్పుడు, ఆ సుదీర్ఘ సముద్రయానముననే కొందరు వ్రతభంగము చేసిరి. ఫ్రాంక్లిను కథ మరల జరిగినట్లే. ఓడవంటకు శాకాహారము తెలియదు.

1847 సెప్టెంబరు 30న రామ్స్‌గేటు అను సముద్రతీర పట్టణమున శాకాహార సంఘము స్థాపితమైనది. ఆనాటి సభకు జోసెఫు బ్రదర్‌టను అధ్యక్షత వహించెను. సంఘమునకు జేమ్సు సింప్సను తొలి యధ్యక్షుడుగా నెన్నికయ్యెను. ఆ సంఘపు విందులను గూర్చియు, తీర్మానములను గూర్చియు చెప్పుకొన వలసినదెంతో యున్నను మన ప్రశ్నకు వానితో పని తక్కువ. విందులలో నాకర్షణకై పదార్థములను పెంచిరి. ఇంటికి పోయిన సభ్యుడు మరునాటి యుదయమున మరల రొట్టె, బంగాళాదుంప యెదుట కూర్చుండెను.

సమస్యకు నిజమైన పరిష్కారము 1870ల చివరినుండి లండను వీథులలో వెలసిన చవుక శాకాహార భోజనశాలల వలన కలిగెను. నగరమున గుమాస్తాల సంఖ్య విపరీతముగా పెరిగిన కాలమది. వారి యిల్లు కార్యాలయమునకు దూరము, జీతము స్వల్పము, మధ్యాహ్నపు విరామము కొంచెము. అట్టివానికి ఆరు పెన్నీలకు మూడు పదార్థముల భోజనము పెట్టెడి తావు దొరకినచో వాడు తత్త్వవిచారమునకు పూనుకొనడు. కుర్చీ లాగికొని కూర్చుండును. ఈజిప్టు నుండి వచ్చెడి యెఱ్ఱపప్పుతో, అనగా మన మసూరుపప్పుతో కాచిన చిక్కని పులుసు, తెల్లచిక్కుడు గింజల కూర, పొట్టు తీయని గోధుమరొట్టె, ఉడికించిన ఎండుపండ్లు: ఇవియే యా భోజనశాలలకు మూలధనము. ఇవన్నియు ఉదయమున నొకమారు వండి పెట్టిన సాయంత్రము వరకు నిలుచునవి, వడ్డించుటకు క్షణము పట్టనివి, ఎవ్వరు వండినను చెడనివి. కొత్త శాకాహారికి పప్పును పరిచయము చేసిన ఘనత తత్త్వవేత్తలది కాదు, ఈ యంగడివారిది. మన యిండ్లలో పప్పులేని పూట పూటయే కాదు. ఆంగ్లేయులు దానిని ఇంత యాలస్యముగా గనుగొనుట మనకు వింతగా దోచును.

ఆ భోజనశాలలలో నొకదాని మెట్లెక్కిన గుజరాతు విద్యార్థి వలన ఈ చిన్న చరిత్ర ప్రపంచ చరిత్రతో కలిసినది. 1888 సెప్టెంబరున బొంబాయి విడిచిన మోహనదాసు కరమచందు గాంధీ మద్య మాంస స్త్రీసంపర్కములను ముట్టనని తల్లి యెదుట శపథము చేసినవాడు. ఓడలో కత్తిముల్లుల వాడుక తెలియక, ఏ పదార్థమున మాంసము లేదో యడుగుటకు సిగ్గుపడి, తన గదిలోనే కూర్చుండి యింటినుండి తెచ్చుకొనిన మిఠాయిలు, పండ్లతో కాలము గడపెను. లండను చేరిన తరువాత ఓట్సు గంజి ఉదయమునకు సరిపోయెను గాని, మధ్యాహ్నమును, రాత్రియు బచ్చలి వంటి యాకుకూరయు, రొట్టెయు, పండ్లపాకమును తప్ప మరేమియు దొరకకుండెను. ఉప్పు కారములు లేక యుడికించిన ఆకుకూర! వెస్టు కెన్సింగ్టను నందు బస చేసిన యింట వితంతువైన యజమానురాలును, ఆమె యిద్దరు కూతుండ్రును దయగలవారే. వారు వడ్డించిన రెండు మూడు రొట్టెముక్కలు చాలక, ఇంకను పెట్టుడని యడుగ నోరాడక, ఆ బాలుడు సగము కడుపుతో లేచెడివాడు. ఇట్టి స్థితిలో మాంసము తినవలయునని మిత్రులు చేసిన తర్కమునకు అతడు చెప్పిన సమాధానమొక్కటే: మీ వాదమునకు ప్రత్యుత్తరము నా యొద్ద లేదు గాని మాట తప్పజాలను. అప్పటికతడు శాకాహారి కాదు, శపథబద్ధుడు మాత్రమే.

దినమునకు పది పండ్రెండు మైళ్లు నడచి, ఏదో చవుక భోజనశాలలో చొరబడి రొట్టెతో కడుపు నింపుకొని, తృప్తి లేక తిరిగివచ్చుచున్న కాలముననే ఫారింగ్డను వీథిలో నొక శాకాహార భోజనశాల కంటబడెను. ద్వారము ప్రక్క గాజు బీరువాలో అమ్మకమునకు పెట్టిన పుస్తకములలో హెన్రీ సాల్టు రచించిన శాకాహార సమర్థనము కనబడగా ఒక షిల్లింగు ఇచ్చి కొని, లోనికి పోయి భుజించెను. ఇంగ్లండున కాలుపెట్టినది మొదలు కడుపారగా తినిన మొదటి భోజనమది. పుస్తకమును పిమ్మట నామూలాగ్రముగా చదివి, ఆ దినమునుండి తాను స్వేచ్ఛచే శాకాహారినైతినని గాంధీజీయే చెప్పియున్నారు. జీవితచరిత్రకారులెల్లరు పుస్తకమును గూర్చి పేజీలు వ్రాసిరి. కాని క్రమమును చూడుడు: ముందు భోజనము, తరువాత గ్రంథము. ఆకలి తీరినవానికి తర్కము త్వరగా తలకెక్కును.

దీనికి ప్రతిపక్షమైన సంఘటన కూడ వెంటనే జరిగెను. మాంసము తినుమని బోధించిన మిత్రుడు గాంధీని నాటకమునకు తీసికొనిపోవుచు హోల్‌బర్ను అను గొప్ప భోజనశాలలో విందిచ్చెను. పులుసు వచ్చినప్పుడు ఇది దేనితో చేసినదని గాంధీ పరిచారకుని పిలిచి యడుగగా మిత్రుడు మండిపడి, సభ్యసమాజమున మెలగుట చేతగానిచో బయట మరొకచోట తిని నా కొరకు వేచియుండు మనెను. గాంధీ సంతోషముగానే బయటికి పోయెను. దగ్గరలో శాకాహార భోజనశాల యున్నది, అది మూసియుండెను. ఆ రాత్రి పస్తు. సంకల్పము దృఢముగా నున్న ఆ యువకునికి పస్తు పెద్ద లెక్క కాలేదు. అంతటి దృఢత లేనివాడు ఆ మూసిన తలుపు నుండి మరల హోల్‌బర్నునకే పోయియుండును.

ఖర్చు తగ్గించుకొనవలెనను పట్టుదలతో గాంధీజీ రెండు గదుల బస విడిచి వారమునకు ఎనిమిది షిల్లింగుల యొక గది పట్టి, చిన్న పొయ్యి యొకటి కొనిరి. ఉదయమున ఓట్సు గంజియు, కోకోయు స్వయముగా కాచుకొనుట, మధ్యాహ్నము బయట భోజనము, రాత్రికి గదిలోనే రొట్టె, కోకో: దినమునకు తిండి ఖర్చు ఒక షిల్లింగు మూడు పెన్నీలకు దిగెను. ఇది పరీక్షలకై తీవ్రముగా చదువుచున్న కాలము. బోస్టను అచ్చుకూటపు బాలునికిని ఈ న్యాయశాస్త్ర విద్యార్థికిని నూటయరువది యేండ్లకు మించిన యంతరమున్నను లెక్క యొక్కటే: వంట తగ్గినంత మేర చదువు పెరుగును. ఇంటినుండి తెప్పించుకొనిన మిఠాయిలు, మసాలాలు నిలిచిపోయినవి. తొలినాళ్లలో మసాలా లేక చప్పగా దోచిన యాకుకూరయే యిప్పుడు రుచింపసాగినది. ఒకప్పుడు పిండిపదార్థములను, మరియొకప్పుడు రొట్టె పండ్లను తప్ప సమస్తమును మానిరి; గ్రుడ్లు ప్రాణిహింస కాదన్న వాదమునకు లోబడి వానిని తినిన ప్రయోగము పక్షము దినములైనను సాగలేదు, ఏలయన తల్లి దృష్టిలో గ్రుడ్డును మాంసమే. శాకాహార భోజనశాలలలో సైతము అనేక పిండివంటలలో గ్రుడ్లుండెడివి. కావున ప్రతి పదార్థమును గూర్చి యారా తీయవలసి వచ్చెను. సులభమైన, కలగాపులగము కాని పదార్థములకే వారు నిలిచిపోవుటకు ఇదియు నొక కారణమని నేననుకొందును.

ఆ గదికి వచ్చిపోయెడి యతిథులలో గుజరాతీ రచయిత నారాయణ హేమచంద్ర యొకడు. వేషభాషలందు నాగరకత నెంతమాత్రము పాటింపని యా విచిత్రపురుషునికి గాంధీ ఆంగ్లపద్ధతిని క్యారెట్టు పులుసు కాచి పెట్టగా అది యాతనికి కొరగాలేదు, పప్పు కావలయును. ఎక్కడనుండియో పెసలు సంపాదించి, వండి, గాంధీ గదికి తెచ్చెను. ఆ పప్పును తానెంత యానందముతో తింటినో గాంధీ పెద్దవాడైన తరువాతను మరువలేదు. పరదేశమున కాలు మోపిన ప్రతి తెలుగు విద్యార్థియు ఈ యానందమును వ్యాఖ్యానము లేకయే గ్రహింపగలడు. ఇప్పటికిని విమానమెక్కువాని పెట్టెలో కందిపొడియు, ఆవకాయయు చోటు చేసికొనుటకు హేతువిదియే.

1891 జూనున స్వదేశమునకు బయలుదేరు ముందు గాంధీజీ శాకాహార మిత్రులకు వీడ్కోలు విందిచ్చిరి. ఎక్కడ? ఆ హోల్‌బర్ను భోజనశాలలోనే. మాంసము వండెడి తావున మాంసము లేని విందు సిద్ధము చేయించుట ఆ మిత్రులకెంతో సంతోషమిచ్చినదని వారు వ్రాసికొనిరి. పరిచారకుని ప్రశ్నించినందుకు వెలుపలికి పోవలసిన చోటనే ఇప్పుడు పరిచారకులందరు వారి పట్టిక ప్రకారము వడ్డించిరి. రెండు మూడేండ్ల పిమ్మట దక్షిణాఫ్రికాలో నుండగా, ఇంగ్లండునకు పోవు భారతీయ విద్యార్థులకై యొక మార్గదర్శినిని వ్రాసి, వారమునకు ఒక పౌనుతో లండనులో నెట్లు బ్రతుకవచ్చునో, ఏ పూట ఏమి తినవలెనో లెక్కలతో వివరించిరి. అది యచ్చు కాక నిలిచిపోయెను. మహాత్ముని రచనలలో దీనికంటె ప్రయోజనకరమైన పుస్తకము కొత్త శాకాహారికి వేరొకటి లేదని నేను సాహసించి చెప్పుదును. ఏలయన అందు ఉపదేశము తక్కువ, గంజి కాచు విధానమెక్కువ.

అట్లాంటికు కావలి గట్టున పరిష్కారము వేరుదారి పట్టెను. మిషిగను రాష్ట్రమందలి బాటిల్‌క్రీకు ఆరోగ్యశాలలో వైద్యుడు జాను హార్వే కెల్లాగు, ఆతని భార్య ఎల్లా కెల్లాగు మాంసములేని భోజనమును రోగులకు పెట్టుచుండిరి. ప్రయోగ వంటశాలను నడపినదియు, 1892లో దాని ఫలితములను పెద్దగ్రంథముగా వ్రాసినదియు ఆమెయే. పేరు భర్తకు, అటుపిమ్మట మరదికి దక్కెను. 1894లో నచ్చట పుట్టిన ధాన్యపు రేకులను 1906 నుండి మరది విల్ కెల్లాగు వ్యాపారముగా చేసి లోకమునకెల్ల అమ్మెను. అదే శాలలో వేరుసెనగయు, గోధుమ జిగురును కలిపి మాంసమును పోలిన ముద్దలును చేసిరి. ఈ రెండింటిలో ఏది నిలిచినదో చూచినచో నా వాదమునకు బలము చేకూరును. అనుకరణపు ముద్దలు డబ్బాలలోనే కాలము చేసినవి. గిన్నెలో వేసి పాలు పోసికొనిన సిద్ధమగు రేకులు శాకాహారము పేరైనను వినని యిండ్లలోనికి జొచ్చినవి. జూరికు వైద్యుడు బిర్షరు బెన్నరు ఇంచుమించుగా అదే కాలమున నానిన ఓట్సు, తురిమిన ఆపిలు, నిమ్మరసము, గింజలు కలిపి తన రోగులకు పెట్టిన పదార్థమును అట్టిదే, పొయ్యితో పనిలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940 నుండి ఇంగ్లండున ఆహారమునకు రేషను వచ్చినప్పుడు, శాకాహారులమని నమోదు చేసికొనినవారు మాంసపు కూపనులను వదలుకొని బదులుగా నెక్కువ జున్నును పొందిరి. ప్రభుత్వపు చిట్టాలో శాకాహారికి ప్రత్యేకమైన గడి యేర్పడుట సామాన్యమైన గౌరవము కాదు. రామ్స్‌గేటు తీర్మానములు తొంబదియేండ్లలో సాధింపలేనిదానిని రేషను గుమాస్తా యొక దినమున సాధించెను.

బిర్షరు బెన్నరు వలె పొయ్యినే తొలగించు నాలోచన గాంధీ జీవితమున చిరకాలము వెంటాడినది. లండను శాకాహార సంఘాధ్యక్షుడైన ఆర్నాల్డు హిల్సు, వండని పదార్థములలోనే ప్రాణశక్తి యుండునని బోధించెడివాడు. ఆ బోధను నమ్మి 1893లో ప్రిటోరియాలో గాంధీ నానిన గోధుమలు, బఠాణీలు, బియ్యము, ఎండుద్రాక్ష, గింజలతో ప్రయోగము చేసి, పండ్లు నొప్పిపట్టి, నీరసించి, కొలదిదినములలోనే విడిచిరి. ముప్పదియారేండ్లకు తరువాత ఆ పాతకోరికను మరల రగిల్చినది మన గోదావరీతీరము. 1929 ఏప్రిలు, మే నెలలలో ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరము వచ్చినప్పుడు, అచ్చట ప్రకృతిచికిత్స జరుపుచుండిన సుందరం గోపాలరావుగారు అపక్వాహారమును గూర్చి వారికి నచ్చజెప్పిరి. ఆ మేనెలలోనే గాంధీజీ ప్రయోగమునారంభించి, ‘యంగ్ ఇండియా’లో తమ దినభోజనమును తూకములతో ప్రకటించిరి: మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులములు, నూరిన తీపి బాదముపప్పు ఎనిమిది తులములు, దంచిన పచ్చియాకులు ఎనిమిది తులములు, నిమ్మకాయలు ఆరు, తేనె రెండు ఔన్సులు. కట్టెలు లేవు, పొగ లేదు, వంటమనిషి లేదు. స్త్రీలకు వంటింటి చెరనుండి విముక్తి కలుగునన్న యాశయు వారి మనస్సున నుండెను. ఆశ్రమవాసులు కొందరు తామును చేరిరి.

తెలుగువారికి వండని తిండి కొత్త కాదు. శ్రీరామనవమినాడు నానబెట్టిన పెసరపప్పును వడపప్పని పేరిడి, పచ్చిపిండితో చలిమిడి చేసి, బెల్లము కలిపిన పానకముతో నారగింపు చేయు నాచారము గోపాలరావుగారికి తెలియనిదా? అటుకులు నానబెట్టి పెరుగో బెల్లమో కలుపుకొని యొక పూట గడపుట ఏ యింటను వింత? కాని ఆ పండుగనాడు సైతము నైవేద్యమైన తరువాత తెలుగు గృహిణి పొయ్యి రాజేయును. పులిహోరయు, పప్పును లేక రామునికైనను పండుగ గడవదు. గోపాలరావుగారు ఆ రెండవ భాగమును త్రోసివేసి, మొదటి భాగమునే సంవత్సరము పొడవున సాగింపజూచిరి. ఆగస్టు నాటికి గాంధీజీకి రక్తవిరేచనములు పట్టుకొన్నవి. బరువు తగ్గెను, బలము తగ్గెను. ఆశ్రమమున చేరిన సహప్రయోగకులును ఒక్కరొక్కరుగా తప్పుకొనిరి. గాంధీజీ తమ వైఫల్యమును దాచక పత్రికలోనే ప్రకటించి, వైద్యుల మాట చొప్పున మేకపాలకు మరలిరి.